వీరుల పటములు: అసలును, నకలును

ఇంటి గోడమీద రెండు విధములైన పటములు వ్రేలాడదీయుట మనవారికి అలవాటు. ఒకటి దేవుని పటము, రెండవది మహాపురుషుని పటము. రెంటికిని ఒకే మేకు, ఒకే చట్రము, ఒకే పూలదండ. అయినను ఈ రెంటికి గొప్ప భేదము కలదు. దేవుని రూపము ధ్యానశ్లోకమును బట్టి ఏర్పడును. ఏ చేత శంఖముండవలెనో, ఏ చేత చక్రముండవలెనో, వర్ణమెట్టిదో, వాహనమేదో శాస్త్రము చెప్పును. చిత్రకారుడు దానిని అతిక్రమింపకున్న చాలును. వీరపురుషుని విషయమట్లు కాదు. అతడొకనాడు ఈ నేలమీద నడచినవాడు. అతనికొక ముక్కు, ఒక గడ్డము, ఒక నిలువు, బహుశః ముఖమున నొక మచ్చ ఉండెను. వానిని కన్నులార చూచినవారుండిరి. కావున వీరుని పటము ఎదుట నిలిచి "ఇది అతని రూపమేనా?" అని యడుగుట అవినయము కాదు, న్యాయమైన ప్రశ్న.

కొత్తపేట వారికీ ప్రశ్న మరింత దగ్గరిది. ఈ యూరి శిల్పశాలలలో రూపొందిన విగ్రహములు తెలుగునాట అనేక కూడళ్లలో నిలిచియున్నవి. శిల్పి పనికి మొదటి ఆధారము మట్టియు కాదు, లోహమును కాదు; ఎవరో తెచ్చియిచ్చిన ఒక పటము. ఆ పటము తప్పైనచో ఆ తప్పే లోహములో పోతపోయబడును. కాగితముమీది తప్పును చింపివేయవచ్చును. కంచులోని తప్పు మూడు తరములవారిచేత దండలు వేయించుకొనును. కావున వీరుల పటములు ఎక్కడ పుట్టినవి, ఎట్లు నకళ్లయినవి, చేతులు మారుచు ఏమి నిలుపుకొన్నవి, ఏమి పోగొట్టుకొన్నవి అను చరిత్ర ఈ యూరివారికి ఉత్త కాలక్షేపము కాదు.

బందరు రేవులో బొమ్మల బేరము

దక్షిణదేశమున సేనాపతుల, రాజుల, మంత్రుల రూపచిత్రములు వ్రాయించి, వానికి నకళ్లు తీయించి, సంపుటములుగా కూర్చి అమ్మిన వ్యాపారము 17వ శతాబ్ది ఉత్తరార్ధమున గోలకొండ రాజ్యములో వర్ధిల్లినది. గోలకొండ రాజ్యమునకు సముద్రద్వారము మచిలీపట్నము. డచ్చివారు ఆ శతాబ్దారంభముననే అక్కడ వర్తకశాల నెలకొల్పిరి. వారి కొట్లు మన గోదావరి తీరమునకును వ్యాపించినవి. వసిష్ఠ కావలి గట్టున పాలకొల్లులోను, గౌతమి దాటి కోటిపల్లి మీదుగా పోయిన ద్రాక్షారామములోను డచ్చివారి వర్తకస్థానములుండెను. వారు ప్రధానముగా కొన్న సరకు వస్త్రము. మన నేతగాండ్ర బట్ట, మన అద్దకపువారి కలంకారి ఓడలకెక్కి సముద్రములు దాటినవి. ఆ బట్టల మూటల వెంట బొమ్మల పుస్తకములును ప్రయాణము చేసినవి.

ఈ బొమ్మలు పుస్తకపు పుట యంతటివి. సాదా భూమికపై, లేదా పచ్చని రంగుపై, ఒక్కొక్క పురుషుడు నిలువున నిలిచియుండును. ముఖము తరచుగా ప్రక్కకు తిరిగియుండును. చేత ఖడ్గమో, పువ్వో, నడుమున కటారి, అంగరఖాపై బంగారు నీటి రేఖలు. ప్రక్కన పేరు వ్రాసియుండుట కద్దు. ఢిల్లీ చక్రవర్తులు, పారసీక ప్రభువులు, బీజాపురము గోలకొండ సుల్తానులు, వారి సేనానులు, మంత్రులు వరుసగా ఈ సంపుటములలో దర్శనమిత్తురు. తానీషా మంత్రులైన అక్కన్న మాదన్నల రూపములును ఇట్టి చిత్రములలో నిలిచినవి. దూరదేశమున కూర్చున్న వర్తక ప్రభువులకు ఈ పుస్తకము వేడుక మాత్రమే కాదు. హిందూదేశపు అధికారమెవరి చేతులలో నున్నదో కంటితో చూపు జాబితా కూడ.

ఇట్టివానిలో ప్రసిద్ధమైనది ఆంస్టర్డాము నగరమందలి రైక్స్ మ్యూజియములో నున్న విట్సెన్ సంపుటము. ఇందు 49 రూపచిత్రములు కలవు. నికొలాస్ విట్సెన్ (1641–1717) ఆ నగరమునకు పలుమారులు నగరాధ్యక్షుడై, డచ్చి తూర్పు ఇండియా కంపెనీ పాలకులలో నొకడైనవాడు. ఆ సంపుటము 1686 ప్రాంతమున గోలకొండలో తయారైనదని పండితులు నిర్ణయించిరి. ఆ మరుసటి సంవత్సరమే, 1687 సెప్టెంబరులో, ఎనిమిది నెలల ముట్టడి తరువాత గోలకొండ దుర్గము ఔరంగజేబు వశమైనది. తానీషా దౌలతాబాదున బందీయయ్యెను. రాజు పోయినను చిత్రకారుని కుంచె ఆగలేదు. 1689లో డచ్చివారి రాయబారి యోహన్నెస్ బాఖెరుస్ ఔరంగజేబు శిబిరమునకు పోయినప్పుడు అతని రూపమును వ్రాసినది గోలకొండ చిత్రకారుడే. ఆశ్రయమిచ్చు సింహాసనము కూలిన పిదప ఆ కళాకారునికి అన్నము పెట్టినది బేరగాని కోరిక.

నకలు తీయు విధము

ఒకే రూపమును పదిమార్లు వ్రాయుట ఎట్లు? మొగలాయి, దక్కను చిత్రకారులకు దీనికొక ఉపాయముండెను. పలుచగా గీకిన, వెలుతురు చొరబారునట్టి జింకతోలును అసలు చిత్రముపై పరచి, గీతలను దానిపైకి దింపుకొందురు. ఆ గీతల వెంబడి సూదితో సన్నని రంధ్రములు పొడుతురు. ఆ తోలును క్రొత్త కాగితముపై ఉంచి, బట్టమూటలో కట్టిన బొగ్గుపొడితో పైన అద్దుదురు. తోలు తీసినచో చుక్కల రూపమున బొమ్మ క్రింద కనబడును. చుక్కలను కలిపి, రంగులు పూసి, నున్నని రాతితో రుద్ది మెరుగుపెట్టినచో నకలు సిద్ధము. దీనిని చర్బా అందురు. రవికెలమీద కుట్టుపనికి మన స్త్రీలు కాగితమునకు చిల్లులు పొడిచి నీలిరంగు అద్దు పద్ధతి ఇదియే. తరువాతి కాలమున సినిమా బేనర్లు వ్రాసిన చిత్రకారులు చిన్న ఛాయాచిత్రముపై గళ్లు గీసి, పెద్ద బట్టపై పెద్ద గళ్లు గీసి, గడికి గడి నింపుచు ముప్పది అడుగుల ముఖమును నిలిపిన పనియు దీనికి తమ్ముడే.

చర్బా వలన గీత తప్పదు. ముక్కు వంపు, గడ్డపు కోణము, ఖడ్గము పట్టిన తీరు ఉన్నవున్నట్లు దిగును. కాని చర్బాకు రంగు తెలియదు, చర్మపు ఛాయ తెలియదు, కంటిలోని కాంతి తెలియదు. అవి నకలు తీయువాని జ్ఞాపకమును బట్టి, చేతి నేర్పును బట్టి, కొనువాడిచ్చు ధరను బట్టి మారుచుండును. పదవ నకలునాటికి గీత మిగులును, మనిషి పలుచనగును.

ఇందు మరియొక చిక్కు కలదు. గోలకొండ చిత్రకారుడు తన కాలపు మంత్రిని, సేనానిని రాజవీథిలో చూచియుండవచ్చును. కాని ఆ సంపుటములలోనే 1405లో మరణించిన తైమూరు వంటి పూర్వుల రూపములను గూడ వ్రాయుచుండిరి. తైమూరును చూచినవాడెవడు? ఢిల్లీనుండి వచ్చిన పాత చిత్రములను చూచి వ్రాయుటయే. చూచి వ్రాసిన ముఖము, వినికిడిచే వ్రాసిన ముఖము ఒకే పుస్తకమున, ఒకే కుంచెతో, ఒకే ధైర్యముతో ప్రక్కప్రక్కల నిలుచును. రంగుల నిగనిగ రెంటికి సమానమే. కావున పటము అందముగా నున్నదనుట అది నిజమనుటకు సాక్ష్యము కాజాలదు. ఎవరు, ఎప్పుడు, దేనిని చూచి వ్రాసిరి అనునదే సాక్ష్యము.

చేతి నకలు యూరపునకు చేరి అక్కడ మరల నకలైనది. హాలెండు చిత్రకారులలో అగ్రగణ్యుడైన రెంబ్రాంటు (1606–1669) తన అవసానదశలో మొగలాయి చిత్రములను చూచి ఇరువదికి పైగా నకళ్లు గీసెను. హిందూదేశమును ఎన్నడును చూడని ఆ మహాచిత్రకారుడు షాజహాను తలపాగాను, గుఱ్ఱపు జీనును శ్రద్ధగా గీసికొనుట నకలు పనికి ఎంతటివాడును అతీతుడు కాడని చాటుచున్నది. ఆ తరువాత రాగిరేకుపై చెక్కి అచ్చువేయు పని వచ్చినది. ఫ్రాన్సువా వాలెంటైను 1724–26 సంవత్సరములలో ప్రకటించిన మహాగ్రంథము వంటివానిలో ఈ రూపములు చెక్కడపు అచ్చులుగా వెలువడినవి. రాగిరేకుమీద ఉన్నదున్నట్లు చెక్కినచో అచ్చులో కుడి ఎడమయగును. చెక్కువాడు ముందే త్రిప్పి చెక్కుకొననిచో కుడిచేతి ఖడ్గము ఎడమచేతికి మారును. ఆ అచ్చును చూచి మరల రంగుల పటము వ్రాసినవాడు ఒక వీరుని తెలియకయే ఎడమచేతివాటము వానినిగా చేయును.

శివాజీ ముఖము

ఈ గోలకొండ చిత్రములకు భారతదేశ చరిత్రలో నొక ప్రత్యేక గౌరవము కలదు. ఛత్రపతి శివాజీ రూపమును గూర్చి నేడు మనకు తెలిసినదానిలో మిక్కిలి భాగము వీనినుండి వచ్చినదే. శివాజీ 1677 ఆరంభమున తానీషాతో సంధి చేసికొనుటకు సేనతో హైదరాబాదునకు వచ్చెను. దక్షిణ దండయాత్రకు కావలసిన ఏర్పాట్లు మాదన్న మంత్రిత్వమున అక్కడ జరిగినవి. నగరవీథులలో ఆతని ఊరేగింపును జనులు చూచిరి. మూడేండ్ల తరువాత, 1680 ఏప్రిలులో, ఆతడు రాయగఢమున కీర్తిశేషుడయ్యెను. గోలకొండ సంపుటములలో ఆతని రూపము కానవచ్చుట ఆ కాలమునకు సరిపోవుచున్నది. ఆంస్టర్డాము సంపుటములోను, లండనులోని బ్రిటిష్ మ్యూజియము సంపుటములోను ఆ చిత్రములు కలవు. కొనదేరిన ముక్కు, కోసుగా దిద్దిన గడ్డము, తలపాగా, చేత ఆయుధములు. ముఖమున ఒక చురుకుదనము, పెదవులపై చిరునవ్వు వంటిది.

ఇవి ఎన్ని దొరికినను ఒక జాగ్రత్త అవసరము. ఒకే చర్బానుండి దిగిన నాలుగు నకళ్లు నాలుగు సాక్ష్యములు కావు. ఒకే దస్తావేజునకు పది నకళ్లు తెచ్చి పదిమంది సాక్షులని వాదించుటకు న్యాయస్థానము ఒప్పునా? రెండవ సాక్షి వేరొక చేతినుండి రావలెను. అదృష్టవశమున అట్టి సాక్షియు కలడు. వెనీసు నగరవాసియైన నికొలావో మనూచి బాల్యముననే ఈ దేశమునకు వచ్చి, మొగలాయి కొలువులో మెలగి, తుదకు చెన్నపట్టణమున స్థిరపడినవాడు. ఆతడు 1686కు పూర్వము మీర్ ముహమ్మదు అను చిత్రకారునిచేత రాజుల, సేనానుల రూపములను వ్రాయించెను. మీర్ ముహమ్మదు రాజకుమారుడైన షా ఆలము పరివారములోని వాడు. ఆ సంపుటము నేడు పారిసులోని ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయములో కలదు. అందు శివాజీ గుఱ్ఱముపై, పదాతులు వెంట నడువ పోవుచుండును. అందును గడ్డము కలదు. చిత్రకారుడు వేరు, ఊరు వేరు, ఆశ్రయము వేరు. అట్టి రెండు చేతులు సమ్మతించిన అంశమే మనము గట్టిగా నమ్మదగినది.

మూడవ సాక్షి చిత్రము కాదు, లేఖ. శివాజీ సూరతు పట్టణముపై 1664లో దాడి చేసినప్పుడు అక్కడి ఆంగ్ల వర్తకశాలలోని మతాచార్యుడు ఎస్కాలియో ఆతని రూపమును గూర్చి విన్న విషయములను స్వదేశమునకు వ్రాసెను. నిలువు తక్కువ, అవయవముల పొందిక మిక్కిలి చక్కనిది, కన్నులు మిక్కిలి చురుకైనవి, దేహచ్ఛాయ తెలుపు అని దాని సారాంశము. నేటి క్యాలెండరులలో మనము చూచు ఆజానుబాహువునకును, ఈ వర్ణనకును పోలిక తక్కువ. కాని విచారించినచో ఏది గొప్ప? ఆరడుగుల మనిషి కోటలు గెలుచుట వింతయా, పొట్టి మనిషి గెలుచుట వింతయా? నిజమైన రూపము వీరుని తగ్గింపదు. వాని బుద్ధిబలమును, మనోబలమును ఎత్తిచూపును.

పేరు ఊడిపోయిన పటము

పటమునకు రూపమెంత ప్రాణమో పేరు అంత ప్రాణము. పేరు ఊడిన పటము ఎవరికైనను చెల్లును. మహారాష్ట్రమున ప్రసిద్ధమైన వృత్తాంతమొకటి కలదు. 20వ శతాబ్ది ఆరంభమున శివాజీ పేరిట వాడుకలో నున్న ఒక పటము నిజమునకు ఇబ్రాహీం ఖాను అను వేరొకనిదనియు, చరిత్ర పరిశోధకుడు వాసుదేవ సీతారామ బేంద్రే డచ్చి గ్రంథముల మూలమున సరియైన చిత్రమును వెలికిదెచ్చి ప్రచారము చేసెననియు అక్కడివారు చెప్పుకొందురు. భక్తులు తప్పుచేసిరని నిందింప పనిలేదు. వారి భక్తి నిజమైనదే. తప్పు ఎక్కడ జరిగినది? ఎవడో ఒక నకలుదారు బొమ్మను దించుకొని, క్రింద నున్న అక్షరములను దించుకొనలేదు. ఒక పంక్తి వ్రాయుటకు బద్ధకించిన ఫలముగా ఒక జాతి తన వీరునికి బదులు మరియొకనికి నమస్కరించినది.

తెలుగు వీరుల రూపము

ఇక మన వీరుల సంగతి. ఆంధ్రభోజుడు శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) ఈ విషయమున భాగ్యశాలి. తిరుమల ఆలయమున ప్రవేశించినంతనే ఆతడును, దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవులును చేతులు జోడించి నిలిచిన లోహవిగ్రహములు కలవు. వానిపై పేర్లు చెక్కియున్నవి. తలపై పొడవైన కుళ్లాయి, భక్తితో వంచిన చూపు. ఉదయగిరిని, కొండవీటిని, కొండపల్లిని గెలిచి, రాజమహేంద్రవరము మీదుగా సింహాచలము వరకు నడచిన దండనాథుడు దేవుని ఎదుట ఖడ్గము లేక నిలిచియుండుట ఆ విగ్రహపు అందము.

ఆతనికి రెండవ సాక్షి పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చి రాయలను ప్రత్యక్షముగా చూచి వర్ణించినవాడు. ఆ వర్ణనను రాబర్టు సూయలు 1900లో ఆంగ్లమున వెలువరించెను. రాయలది నడితరపు ఎత్తు, ఛాయ తెలుపు, దేహము సన్నము కాక కొంచెము బొద్దు, ముఖమున మశూచి మచ్చలు. ఈ చివరి మాట చదివిన తెలుగువాడు తొలుత ఉలికిపడును. ఏ క్యాలెండరులోను, ఏ విగ్రహమునను, ఏ నాటకపు తెరపైనను రాయల ముఖమున మశూచి మచ్చ కనబడదు. 1962లో వచ్చిన మహామంత్రి తిమ్మరుసు చిత్రమున నందమూరి తారక రామారావు రాయల వేషము ధరించిన తరువాత ఆ నునుపైన ముఖమే జనుల మనసున నిలిచినది. మన చిత్రకారులు మచ్చలు తీసివేసినది అగౌరవముచేత కాదు, ప్రేమచేత. అయినను ఆలోచింపవలెను. మశూచి నాడు ఇంటింట బిడ్డలను కబళించిన వ్యాధి. దానినుండి బ్రతికి బయటపడి, సామ్రాజ్యమునేలి, ఆముక్తమాల్యద రచించిన పురుషుని ముఖమునుండి ఆ మచ్చలను తుడిచివేసినప్పుడు ఆతడు గెలిచిన మొదటి యుద్ధమునే తుడిచివేసినవారమగుదుము.

బొబ్బిలి వీరుల దారి వేరు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించిరి. రాజా రంగారావు కోటతో సహా నేలకొరిగెను. స్త్రీలు, బిడ్డలు అగ్నికి, కత్తికి ఆహుతి యయిరి. తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆతని డేరాలోనే హతమార్చి పగ తీర్చుకొనెను. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఆర్మి ఈ ఘోరమును తన గ్రంథమున వర్ణించెను. తెలుగుదేశమున బుడిగె జంగములు కథగా పాడిరి, కవులు కావ్యముగా కట్టిరి. బొబ్బిలి వీరులు నిలిచినది పాటలో, గొంతుకలో. వారి కోటగుమ్మమున డచ్చి బేరగాని కొఱకు చర్బా పట్టుకొని చిత్రకారుడు నిలువలేదు. నేడు పాపారాయుడన్నంతనే పలువురి కన్నులకు కట్టునది 1964లో వచ్చిన బొబ్బిలియుద్ధము చిత్రమందలి ఎస్. వి. రంగారావు నిండైన విగ్రహము. తరువాతి తరమువారికి 1986 నాటి తాండ్ర పాపారాయుడు చిత్రమందలి కృష్ణంరాజు. నటుల ముఖములు వీరుల పేర్లను ధరించి గోడలకెక్కినవి. వీరిని చూచి వ్రాసిన పటము పాపారాయుని పటమా, నటుని పటమా? రెండవదే. నటుని ప్రతిభకు అది ఎంత గౌరవమైనను పటము క్రింద ఆ మాట ఉండుట ధర్మము.

సైనిక చిత్రమొకదాని చాటున తెలుగువాడొకడు చరిత్రలో నిలిచిన వృత్తాంతము ఇక్కడ స్మరింపదగినది. మద్రాసు సేనలోని ఇంజనీరు, పిమ్మట భారతదేశపు మొదటి సర్వేయరు జనరలు అయిన కర్నలు కాలిన్ మెకంజీ రూపమును థామసు హికీ 1816లో వ్రాసెను. ఎఱ్ఱని సైనికపు కోటుతో మెకంజీ మధ్య నిలిచియుండును. చుట్టును మువ్వురు భారతీయులుందురు. వారు ఏలూరివాడైన కావలి వెంకట లక్ష్మయ్య, జైనపండితుడు ధర్మయ్య, సేవకుడు కిష్ణాజీ అని పండితులు గుర్తించిరి. తాటాకుల పొత్తము, దూరదర్శిని ఆ చిత్రమున కనబడును. లక్ష్మయ్య అన్న బొఱ్ఱయ్య 1803లో అకాలమరణము చెందగా, తమ్ముడు ఆ పని మోసెను. ఊరూర కరణములు వ్రాసి యిచ్చిన కైఫీయతులను, శాసనములను వీరు సేకరింపకున్న మన పల్లెల చరిత్ర చాలవరకు మాయమై యుండెడిది. చిత్రము కర్నలు కొఱకు వ్రాసినది. తెలుగువాడు ప్రక్కన నిలిచినాడు. అయినను పేరు తెలియుటచేత నేడు లక్ష్మయ్య కూడ మనకు దర్శనమిచ్చుచున్నాడు. లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్న ఆ చిత్రమునకు నకలు తీయువారు కర్నలు పేరు మాత్రమే వ్రాసి ఊరుకొన్నచో లక్ష్మయ్య రెండవసారి మరణించును.

ఊహాచిత్రము అబద్ధమా?

ఇంతమాత్రమున ఊహించి వ్రాసిన పటములన్నియు పనికిరానివని తలంపరాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయియందు ముద్రణాలయము స్థాపించి రంగుల పటములను ఇంటింటికి చేర్చినప్పుడు పేదవాని గోడకు తొలిసారి చిత్రకళ ప్రవేశించినది. చదువురాని వారికి పటమే పురాణము, పటమే చరిత్ర. రుద్రమదేవి గుఱ్ఱమెక్కి ఖడ్గము దూసిన ఊహాచిత్రమును చూచిన బాలిక ధైర్యము నేర్చినచో ఆ పటము తన పని చేసినట్లే. కావ్యమున కవి చేసిన వర్ణనను మనము అబద్ధమనుచున్నామా? దానిని కావ్యమని తెలిసి చదువుచున్నాము. ఊహాచిత్రము కూడ అట్లే. తాను ఊహనని ఒప్పుకొన్నంతవరకు అది నిర్దోషి. తాను ప్రత్యక్షసాక్షినని చెప్పుకొన్న క్షణముననే అది కూటసాక్షి యగును.

గ్రామపు లెక్కలలో ఈ న్యాయము చిరకాలముగా నున్నదే. అసలు పత్రమునకు ఒక విలువ, నకలునకు ఒక విలువ. నకలు తక్కువది కాదు. అసలు చెదలు తిన్నప్పుడు, వరదలో కొట్టుకొనిపోయినప్పుడు నకలే భూమిని కాపాడును. కాని నకలు తలపై "నకలు" అని యుండవలెను. దేనికి నకలో, ఎవరు తీసిరో, ఏ తేదీన తీసిరో ఉండవలెను. క్రింద సంతకముండవలెను. అవి యున్న నకలు అసలుతో సమానముగా చెల్లును. అవి లేని నకలు ఎంత అందమైన దస్తూరితో నున్నను చెల్లదు. అడుగు భూమికే ఇంత జాగ్రత్త పడువారు ఒక వీరుని ముఖమునకు అంతకంటె తక్కువ జాగ్రత్త పడుట తగునా?

గ్రంథాలయమునకు తగిన పని

రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయమునకు ఈ చరిత్ర ఒక చిన్న పనిని సూచించుచున్నది. పుస్తకమునకు వరుస సంఖ్య వేసి, గ్రంథకర్త పేరును, సంవత్సరమును రిజిస్టరులో ఎక్కించు గ్రంథాలయము గోడమీది పటమునకు ఆ మర్యాద చేయుట అరుదు. ప్రతి పటము వెనుకను ఒక కాగితపు ముక్క అంటించి నాలుగు మాటలు వ్రాయవచ్చును. ఇది ఎవరి రూపము, దేనిని చూచి వ్రాసినది, వ్రాసినవారెవరు, ఎప్పుడు. మూలము తెలిసినచో మూలము పేరు. ఊహయైనచో ఊహాచిత్రమను మాట. నటుని చూచి వ్రాసినదైనచో ఆ నటుని పేరు. దీనికి ఖర్చు ఒక సిరా చుక్క. పటమును దించుటకు, విగ్రహము పోయించుటకు గ్రంథాలయమునకు వచ్చువారు ఆ కాగితమును కూడ దించుకొనిపోవుదురు. అప్పుడు రూపమును పేరును విడిపోక కలిసి ప్రయాణము చేయును.

చేతిపని నేర్చుకొను బాలురకు మరియొక మాట. నకలు తీయుటకు సిగ్గుపడవలదు, రెంబ్రాంటు పడలేదు. కాని నకలును చూచి నకలు తీయుటకంటె అసలును వెదకి చూచుట మేలు. అసలు చిత్రమున కుంచె నడచిన తీరు, రంగు పొరల లోతు ఎట్టివో తెలియగోరువారు రాజమహేంద్రవరమునకు పోయి దామెర్ల రామారావు చిత్రశాలను చూడవచ్చును. 1897లో జన్మించి 1925లో పిన్నవయసుననే అస్తమించిన ఆ కళాకారుని స్వహస్త చిత్రముల ఎదుట అరగంట నిలిచినవానికి అచ్చుపటమేమి పోగొట్టుకొన్నదో ఒకరు చెప్పనక్కరలేదు.

గోలకొండ కూలినది. బందరు రేవు వైభవము తగ్గినది. పాలకొల్లు, ద్రాక్షారామముల డచ్చి కొట్లు పేరుకు మిగిలినవి. ఆ కాలపు చిత్రకారులలో పెక్కుమంది పేర్లు వారితోనే పోయినవి. కాని వారు తాము చూచిన ముఖమును తప్పక దించి, ప్రక్కన ఆ ముఖము పేరు నిలుపుటచేత, మూడు వందల ఏండ్లకు పైబడిన తరువాత గూడ ఒక మహావీరుని రూపము లోకమునకు దక్కినది. చేతిలో కుంచె పట్టినవారును, ఉలి పట్టినవారును, కలము పట్టినవారును ఆ అజ్ఞాత చిత్రకారులనుండి నేర్వదగిన పాఠమిదియే: నకలు తీయుము, నిజముగా తీయుము, దేనికి నకలో వ్రాయుము.